సప్లయర్లతో పని ఎలా నడపాలి: ఒడిశా సరిహద్దులో చిన్న యూనిట్ల కోసం పూర్తి పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు పచ్చళ్ళు, పొడులు, అప్పడాలు, విస్తరాకులు చేసి అమ్మే మనవాళ్ళు తరచూ అడిగేవి ఇవే. సరుకు టైముకి రావట్లేదు, వచ్చినా చూపించిన శాంపిల్‌లా ఉండట్లేదు, ధర మాట్లాడుకున్నాక మారిపోతోంది, ఏం చెయ్యాలి? చాలామంది వెతికేది ఇంకో మంచి సప్లయర్ కోసం. కొన్నిసార్లు అదే అవసరం. ఎక్కువసార్లు మాత్రం లోపం మన వైపే ఉంటుంది: ఆర్డరు నోటిమాటగా ఇస్తాం, కాటా దగ్గర మన మనిషి ఉండడు, డబ్బు లాగి లాగి ఇస్తాం.

ఈ పద్ధతంతా ఒక్క లక్ష్యం కోసం: చెడ్డ కబురు మీకు ముందే అందాలి. సరుకు తడిసిందనో, లారీ దొరకలేదనో, పంట తగ్గిందనో సప్లయర్ పది రోజుల ముందు చెప్తే సర్దుకుంటారు. అదే రోజు పొద్దున చెప్తే పనివాళ్ళని కూర్చోబెట్టి కూలి ఇవ్వాలి. ముందే నిజం చెప్పిన సప్లయర్‌కి దానివల్ల నష్టం రాకూడదు, ఆ ఏర్పాటు చెయ్యాల్సింది మీరే. మాట తేలిగ్గా అర్థం కావడానికి ఒక చిన్న పచ్చళ్ళు, పొడుల యూనిట్‌ని ఉదాహరణగా పెట్టుకుని చెప్తాను.

1. ముందు సరుకుల జాబితా, వచ్చే దారితో సహా

ఒక నోటుబుక్కు చాలు. ప్రతి సరుకుకీ ఇవి రాయండి:

- నెలకి ఎంత వాడతారు
- ఏ ఊరి నుంచి, ఏ రోడ్డు మీదుగా వస్తుంది
- కొత్త పంట ఏ నెలల్లో దిగుతుంది
- మధ్యలో ఎంతమంది చేతులు మారుతుంది
- ఈ రోజు ఆగిపోతే మీ దగ్గరున్నది ఎన్ని రోజులు వస్తుంది

రాస్తుంటే కొన్ని సంగతులు వాటంతటవే బయటపడతాయి. చింతపండు రాయగడ, గజపతి, కోరాపుట్ సంతల్లో సుమారుగా జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా దిగుతుంది, ఆ తర్వాత మీరు కొనేది ఎవరో నిల్వ పెట్టినదే, అంటే వాళ్ళ నిల్వ ఖర్చు కూడా మీరే కడుతున్నారు. కంధమాల్ పసుపు బరంపురం రావాలంటే కళింగ ఘాట్ లాంటి ఘాట్ రోడ్డు దిగాలి. గుంటూరు మిర్చి యార్డుకి మే నెల ప్రాంతంలో వేసవి సెలవులు ఉంటాయి, అప్పుడు లైసెన్సు వ్యాపారి దగ్గర కోల్డ్ స్టోరేజీ సరుకే దిక్కు. ఉప్పు గంజాం దగ్గర హుమ్మ నుంచో, ఇటు ఆంధ్రాలో నౌపడ నుంచో వస్తుంది, వానలు పడితే మళ్ళల్లో పని ఆగుతుంది.

తర్వాత ప్రతి సరుకు పక్కనా ఒక గుర్తు పెట్టండి. ఇది లేకపోతే పని ఆగుతుందా, ఎక్కువ డబ్బు దీనికే పోతుందా, లేక ఏ దుకాణంలోనైనా దొరుకుతుందా? మొదటి రకంలో అందరూ మర్చిపోయేది సీసా మూతలు. పచ్చడి కలిపి పెట్టుకుని మూతల కోసం విశాఖకి ఫోన్లు కొట్టే యూనిట్లు చాలానే ఉన్నాయి.

2. ఎవరి దగ్గర కొనాలో తేల్చుకోవడం

ధర అడిగే ముందు ఊరు చూడండి. సరుకు ఎక్కడ ఎండబెడతారు, నేల మీదా టార్పాలిన్ మీదా, వాన వస్తే ఎక్కడికి తోస్తారు, గోనెసంచులు కొత్తవా లేక ఎరువు బస్తాలా? ఎరువు బస్తాలో తినే సరుకు కనబడితే ధర ఎంత తక్కువైనా వెనక్కి వచ్చేయండి.

మధ్య వ్యాపారిని తీసేస్తే అంతా లాభమే అని చాలామంది అంటారు. నాకైతే అది సగం నిజమే అనిపిస్తుంది. అతను పది ఊళ్ళ సరుకు పోగు చేస్తాడు, సవర, కువి భాషల్లో మాట్లాడగలడు, సంతలో నగదు తనే పెడతాడు, బండి మాట్లాడతాడు. నెలకి నాలుగైదు బస్తాలు వాడేవాళ్ళకి ఆ పని సొంతంగా చేసుకుంటే ఖర్చే ఎక్కువ. వాడకం పెరిగాక మహిళా సంఘాల నుంచో, వన్ ధన్ కేంద్రాల (అటవీ సరుకు సేకరించే గిరిజన సంఘాల ప్రభుత్వ పథకం) నుంచో నేరుగా కొనడం మొదలుపెట్టండి, అదీ ఒక్క సరుకుతోనే.

పని ఆగే సరుకులకి ఇద్దరు సప్లయర్లు తప్పనిసరి. ఇద్దరూ ఒకే సంతలో కొంటుంటే మాత్రం మీకున్నది ఒక్కడే. ఒకరు రాయగడ వైపు, ఒకరు పార్వతీపురం, సాలూరు వైపు ఉంటే ఒక రోడ్డు మూసుకున్నా రెండోది మిగులుతుంది. పెద్ద భాగం ఒకరికి, మూడో వంతు దాకా రెండో వాళ్ళకి ఇవ్వండి, ఆ సంగతి ఇద్దరికీ చెప్పండి. దాచిపెడితే ఎలాగూ లారీ డ్రైవరు చెప్పేస్తాడు.

మొదటి ఆర్డరుకి ముందు చూడాల్సినవి:

- జీఎస్టీ నంబరు ఉంటే మొదటి రెండంకెలు: ఒడిశాకి 21, ఆంధ్రాకి 37, తెలంగాణకి 36
- తినే సరుకైతే బిల్లు మీద 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు
- డబ్బు ఎవరి పేరు మీద వెళ్ళాలో ఆ ఖాతా
- ఇప్పటికే కొంటున్న ఇంకో ఇద్దరితో ఒక ఫోన్ మాట
- అతను ఊళ్ళో లేనప్పుడు ఎవరితో మాట్లాడాలి

3. ధర కాదు, పడిన ఖర్చు చూడండి

ఉదాహరణకి పిక్క తీసిన చింతపండు ఒకరు కిలో 120కి, ఇంకొకరు 112కి ఇస్తామన్నారు అనుకోండి. మొదటి దాంట్లో ఈనెలు, పెంకు, మిగిలిపోయిన పిక్కలు కలిపి నూటికి 4, రెండో దాంట్లో 15. అప్పుడు వాడుకోదగ్గ కిలో మొదటిది 125 పడుతుంది (120 ÷ 0.96), రెండోది దాదాపు 132 (112 ÷ 0.85). దాని పైన ఏరడానికి ఆడవాళ్ళ కూలి. చవక అనుకున్నది ఏడు రూపాయలు ఎక్కువ పడింది.

కిరాయి, హమాలీ, సంచి బరువు, డబ్బు గడువు కూడా ఇదే లెక్కలో వెయ్యండి. నెల రోజుల అరువు ఇచ్చేవాడు ఆ వడ్డీని ధరలో కలిపే ఇస్తాడు.

బేరం చేసేటప్పుడు ఒక హద్దు పెట్టుకోండి. ఎండబెట్టే ఖర్చు కూడా మిగలనంత కిందికి లాగితే ఆ సరుకు తడిగానే వస్తుంది, ఇందులో మోసం వెతకక్కర్లేదు, వాళ్ళ దగ్గర ఇంకో దారి ఉండదు.

4. ఆర్డరు రాతలో

పెద్ద అగ్రిమెంటు అక్కర్లేదు, వాట్సాప్ మెసేజ్ చాలు. అందులో అన్నీ ఉండాలి. ఇలా:

"చింతపండు, పిక్క తీసినది, ఈ ఏటి పంట, 400 కిలోలు. ఈనెలు, పెంకు, పిక్క కలిపి నూటికి 5 లోపు. కిలో 118. మా గోడౌన్ దాకా కిరాయి మీది, దింపుడు హమాలీ మాది. 14వ తేదీ సాయంత్రం లోపు చేరాలి. దింపిన రోజు సగం డబ్బు, ఏడో రోజు మిగతా సగం. 5 దాటితే దాటిన ప్రతి ఒక్క శాతానికీ కిలోకి రెండు రూపాయలు తగ్గింపు, 12 దాటితే వాపసు."

అవతలి నుంచి "సరే" అని జవాబు వచ్చేదాకా ఆర్డరు ఇచ్చినట్టు కాదు. చదవడం రానివాళ్ళకి ఇదే మాట వాయిస్ మెసేజ్‌గా పంపండి, తెలుగు రాకపోతే ఒడియాలో చెప్పించండి.

శాంపిల్ అరకిలో రెండు డబ్బాల్లో వేసి, తేదీ రాసి, ఇద్దరూ సంతకం చేసి చెరొకటి ఉంచుకోండి. చింతపండు నిల్వలో రోజులు గడిచేకొద్దీ నల్లబడుతుంది కాబట్టి పాత శాంపిల్‌తో రంగు పోల్చి గొడవ పెట్టుకోవద్దు, అందులో పీచు, పిక్క ఎంతున్నాయో పోల్చడానికే అది.

ఇంకొకటి: రాబోయే రెండు నెలల్లో సుమారుగా ఎంత కావాలో నెలకోసారి చెప్తూ ఉండండి. అది ఆర్డరు కాదని కూడా స్పష్టంగా చెప్పండి. ఈ ఒక్క మెసేజ్ వల్లే చాలా ఆలస్యాలు తగ్గుతాయి, ఎందుకంటే సప్లయర్ సంతలో మీ కోసం ఎంత పక్కన పెట్టాలో అతనికి తెలుస్తుంది.

5. సరుకు దిగిన రోజు

తగాదాలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి, కాబట్టి ఇక్కడ నిదానంగా ఉండండి.

కాటాకి తూనికల శాఖ ముద్ర ఏటా వేయించాలి. బండి వచ్చేముందు ఖాళీ కాటా సున్నా చూపిస్తోందో లేదో చూసి, బరువు తెలిసిన రాయి పెట్టి చూడండి. డ్రైవరో సప్లయర్ మనిషో పక్కన ఉండగానే తూకం వెయ్యాలి. సంచి బరువు అంచనాగా కొట్టెయ్యకుండా నాలుగు ఖాళీ సంచులు తూచి సగటు తీయండి. "తరుగు" పేరుతో క్వింటాలుకి కిలో, రెండు కిలోలు ఊరికే కోసేసే అలవాటు చాలాచోట్ల ఉంది. అది మానెయ్యండి. మీరు తూకంలో కోస్తే వాళ్ళు తడిలో కలుపుతారు, చివరికి ఎవరి లెక్కా నిజం కాదు.

నాణ్యత చూసే తీరు:

- చింతపండు: పై నుంచి తీసింది శాంపిల్ కాదు. నాలుగైదు బస్తాల్లో మధ్య నుంచీ అడుగు నుంచీ తీసి కలిపి, అందులో కిలో తూచి, పళ్ళెంలో పోసి పిక్క, ఈనె, పెంకు, ఇసుక వేరు చెయ్యండి. వేరు చేసినది మళ్ళీ తూచండి. వంద గ్రాములు వస్తే నూటికి పది. మధ్యలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలినా, పులిసిన వాసన వచ్చినా ఆ బస్తా పక్కన పెట్టండి.
- పసుపు: కొమ్ము విరిస్తే ఫట్‌మని విరగాలి, వంగితే తడి ఉంది. పొడి కొనకండి, కొమ్ములు కొని ఆడించుకోండి. పొడిలో రంగు కలిపితే కంటితో పట్టుకోలేరు.
- మిర్చి: పిడికిట్లో నలిపితే గలగలలాడాలి. పది కాయలు చీల్చి లోపల బూజు చూడండి, పైకి ఎర్రగా నిగనిగలాడే కాయలోనే ఎక్కువసార్లు నల్లగా ఉంటుంది. బరువు కోసం నీళ్ళు చల్లిన సరుకు తొడిమ దగ్గర మెత్తగా దొరికిపోతుంది.
- సీసాలు, మూతలు: ఇరవై తీసి, నీళ్ళు పోసి, మూత బిగించి, గంటసేపు బోర్లా పెట్టండి.

వచ్చిన అంకెలన్నీ అక్కడే చీటీ మీద రాసి ఫోటో తీసి పంపండి. లోపం ఉంటే ఒక్క రోజు లోపు చెప్పాలి. పది రోజుల తర్వాత "మీ సరుకు బాగాలేదు" అంటే ఎవరు నమ్ముతారు?

6. డబ్బు

సప్లయర్ మీ గురించి ఇంకో సప్లయర్‌తో మాట్లాడేది మొదట దీని గురించే.

సంతలో గానీ ఊళ్ళో గానీ సేకరించి అమ్మేవాళ్ళకి అదే రోజు, పూర్తిగా ఇవ్వండి. చిల్లర కొట్టెయ్యడం, "రౌండు" చెయ్యడం వద్దు. ఏరిందీ ఎండబెట్టిందీ ఆ ఇంటి ఆడమనిషి అయితే డబ్బు ఆమె ఖాతాకే పోవాలి. వ్యాపారులకి వారంలో ఒక రోజు ఖాయం చెయ్యండి, అంటే శనివారం అంటే శనివారమే. ఇవ్వలేని వారం వస్తే గురువారం నాడే ఫోన్ చేసి చెప్పండి. వాళ్ళ నుంచి మీరు ముందస్తు కబురు ఆశిస్తున్నప్పుడు మీరూ ఇవ్వాలి కదా.

లేబుళ్ళు, డబ్బాలు తయారుచేసే సప్లయర్ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి కేంద్ర ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే చట్టం ప్రకారం రాతలో ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ.

నగదు విషయంలో: ఒక మనిషికి ఒక రోజులో పది వేలు దాటి నగదు ఇస్తే ఆ ఖర్చుని ఇన్‌కమ్ టాక్స్‌లో ఒప్పుకోరు. పంట పండించినవాళ్ళకి నేరుగా ఇస్తే మినహాయింపు ఉంది, వ్యాపారికి ఇస్తే లేదు. బిల్లు లేని కొనుగోలుకి పేరు, ఊరు, బరువు, ధర, సంతకం లేదా వేలిముద్రతో కొనుగోలు చీటీ ఉంచండి.

అడ్వాన్సు సంగతి జాగ్రత్త. పూత దశలో నాలుగు వేలు చేతిలో పెట్టి చెట్టు మొత్తం తక్కువ ధరకి రాయించుకోవడం మన వైపు పాత అలవాటే. ఆ ఏడాదికి లాభంగానే కనిపిస్తుంది, తర్వాతి ఏడాది ఆ ఇల్లు ఎవరికి అప్పు ఎక్కువుంటే వాళ్ళకి సరుకు ఇస్తుంది. అడ్వాన్సు ఇస్తే కోత రోజు సంత ధరకే కొంటామని రాసివ్వండి, అసలు మాత్రమే మినహాయించుకోండి.

7. సరుకు తేడా వచ్చినప్పుడు

ముందే అనుకున్న తగ్గింపు ఆర్డరు మెసేజ్‌లో ఉంది కాబట్టి అరవాల్సిన పని లేదు. దారులు మూడే: వాపసు, తగ్గింపు, లేదా వాళ్ళ ఖర్చుతో ఏరించడం.

దీనికి ఒక నియమం కలపండి: బండి బయల్దేరే ముందే లోపం చెప్పినవాళ్ళకి తగ్గింపు లేదు. "బాబూ, కింద నాలుగు బస్తాలు తడిశాయి, మూడు రోజులుగా మబ్బే, ఎండ లేదు" అని ఫోన్ వస్తే జవాబు "సరే మామా, ఆ నాలుగూ ఆపు, ఎండాక వచ్చే వారం బండిలో వెయ్యి, మిగతావి పంపెయ్" అని ఉండాలి. చెప్పకుండా పంపితే ఆర్డరు మెసేజ్‌లో ఉన్నట్టే కోత. రెండు మూడు ఆర్డర్లకే ఫోన్లు ముందు రావడం మొదలవుతుంది.

సాధారణంగా జరిగే తప్పులు, వాటికి విరుగుడు:

- తప్పు: కోపంలో మొత్తం డబ్బు ఆపెయ్యడం. విరుగుడు: తగాదా ఉన్న బస్తాల డబ్బే ఆపి, మిగతాది అనుకున్న రోజుకి ఇవ్వడం.
- తప్పు: డ్రైవరుతో గొడవ. విరుగుడు: ఫోటో, అంకెలు సప్లయర్‌కి పంపి అతనితోనే మాట్లాడటం.
- తప్పు: మొహమాటంతో పాడు సరుకు తీసుకుని లోపల తిట్టుకోవడం. విరుగుడు: తగ్గింపు చిన్నదైనా వేసి, ఎందుకో చెప్పడం.

8. వాన, ఘాటీ, పండగ: నిల్వ లెక్క

లెక్క ఇది: రోజు వాడకం × (సరుకు రావడానికి పట్టే రోజులు + మీరు చూసిన అతి పెద్ద ఆలస్యం). రోజుకి 20 కిలోలు, రావడానికి 6 రోజులు, ఆలస్యం 9 రోజులు అయితే 300 కిలోలు మిగిలి ఉండగానే ఆర్డరు పెట్టాలి.

వానాకాలంలో ఆ ఆలస్యం అంకెని పెంచండి. 2017 జూలైలో నాగావళి వరదకి రాయగడ దగ్గర తేరుబలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెన కొట్టుకుపోయి ఆ లైను వారాల తరబడి దెబ్బతింది. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి, రెండూ అక్టోబరులోనే. దసరా, దీపావళి అమ్మకాలు కూడా అప్పుడే. కాబట్టి ఆ సరుకు సెప్టెంబరు నెలాఖరుకి గోడౌన్‌లో, నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకి జానెడు దూరంలో ఉండాలి.

పండగల క్యాలెండరు రెండు రాష్ట్రాలదీ పెట్టుకోండి. గిరిజనుల పండగ చైత్ర పర్వం రోజుల్లో కోరాపుట్, రాయగడ కొండ ఊళ్ళ నుంచి సరుకు దిగదు. జూన్ మధ్యలో రజ పండగ మూడు రోజులూ ఒడిశా వైపు హమాలీలు దొరకరు. సంక్రాంతికి ఆంధ్రా వైపు లారీలు ఉండవు. ఇది సప్లయర్ తప్పు కాదు, ముందు ఆర్డరు పెట్టని మన తప్పు.

కిరాయి తగ్గాలంటే వారానికోసారి కలిపి తెప్పించండి, పక్క యూనిట్‌తో బండి పంచుకోండి. రాయగడ నుంచి చింతపండు దింపి ఖాళీగా వెళ్ళే బండిలో ఉప్పో ఖాళీ సంచులో పంపితే రెండు వైపులా కలిసొస్తుంది.

9. అడవి సరుకు వచ్చే ఏడాది కూడా దొరకాలంటే

విస్తరాకులు కుట్టే అడ్డాకు తీగని మొదలంటా నరికి ఆకు దూస్తే ఆ తీగ నుంచి మళ్ళీ ఆకు రావడానికి చాలా కాలం పడుతుంది. చింతకాయ కోసం కొమ్మలే నరికితే వచ్చే కాపు ఉండదు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు తగలబెడితే మొలకలు పోతాయి. కొనేవాళ్ళు దీన్ని మాటలతో ఆపలేరు, కొనే పద్ధతితో ఆపగలరు:

- అడ్డాకు బరువు లెక్కన కాకుండా కట్టల లెక్కన, ఎండినది మాత్రమే కొనండి
- లేత ఆకు, కొమ్మతో సహా వచ్చిన కట్ట తీసుకోకండి
- ఏటా ఒకే ఊరి మీద పడకుండా ఊళ్ళు మార్చండి
- టార్పాలిన్లు మీరే కొనిచ్చి, డబ్బు సీజన్లో కొద్దికొద్దిగా తీసుకోండి

ఒడిశాలో చాలా రకాల చిన్న అటవీ సరుకులకి కొనే వ్యాపారి పంచాయతీలో పేరు నమోదు చేసుకోవాలి. ఆ రసీదు బండిలో ఉంచండి. తునికాకుకి నియమాలు వేరు, దాని జోలికి వెళ్ళకండి.

10. సరిహద్దు దాటే బండికి కాగితాలు

- బిల్లు లేదా కొనుగోలు చీటీ, ట్రాన్స్‌పోర్ట్ బిల్టీ (లారీ రసీదు)
- పన్ను పడే సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే రవాణా పత్రం), మామూలు బండికి ప్రతి 200 కిలోమీటర్లకి ఒక రోజు గడువు
- జీఎస్టీ కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం కట్టే పద్ధతి) ఉన్నవాళ్ళు వేరే రాష్ట్రం నుంచి కొనొచ్చు గానీ వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. ఇచ్ఛాపురం బరంపురానికి ఎంత దగ్గరైనా అది వేరే రాష్ట్రమే
- మామూలు రిజిస్ట్రేషన్ ఉంటే ప్రతి నెలా 14 తర్వాత జీఎస్టీ పోర్టల్‌లో 2బీ (మీ కొనుగోలు బిల్లుల పట్టిక) తెరిచి సప్లయర్ బిల్లు ఎక్కిందో లేదో చూడండి, ఎక్కకపోతే మీరు కట్టిన పన్నుకి క్రెడిట్ రాదు

ఘాట్ మధ్యలో ఈ-వే బిల్లు గడువు అయిపోయిన బండి చాలా టెన్షన్ పెడుతుంది, వానల్లో బయల్దేరే ముందే రోడ్డు సంగతి కనుక్కోండి.

11. మూడు నెలలకోసారి చూసుకోవడం, అవసరమైతే విడిపోవడం

ప్రతి సప్లయర్‌కీ నాలుగు అంకెలు చాలు: ఎన్ని ఆర్డర్లు టైముకి వచ్చాయి, సగటు చెత్త ఎంత, ఎన్నిసార్లు ముందే కబురు చెప్పారు, మీరు ఎన్నిసార్లు డబ్బు ఆలస్యం చేశారు. నాలుగోది వాళ్ళకీ చూపించండి. ఇది ఆఫీసు మీటింగులా కాకుండా టీ తాగుతూ అయిపోయే పని.

ఒకే లోపం మూడోసారి, అదీ చెప్పకుండా వస్తే ఆర్డరు సగానికి తగ్గించండి, కారణం చెప్పండి. తర్వాత సీజన్‌కీ మారకపోతే ఆపెయ్యండి, కానీ సీజన్ మధ్యలో కాదు, అతను మీ కోసం సరుకు పోగు చేసి ఉంటాడు. ఆపే ముందు:

- ఖాతా ఇద్దరూ కూర్చుని తేల్చి, పాత బాకీ మొత్తం ఒకేసారి ఇచ్చెయ్యండి
- అతని గోనెసంచులు, టార్పాలిన్లు, శాంపిల్ డబ్బా లెక్కపెట్టి వాపసు చెయ్యండి
- "బాకీ లేదు" అని చీటీ రాసి ఇద్దరూ సంతకం చెయ్యండి
- రెండో సప్లయర్‌కి పెంచిన ఆర్డరు నెల ముందే చెప్పి, అతను మోయగలడో లేదో రెండు లోడ్లు చూశాకే మొదటి ఖాతా మూసెయ్యండి